బిందెలో ఉంగరం, బయట కత్తెర

పెళ్ళిలో ఉంగరం తీయడం జూదమని జుట్టు నెరిసేదాకా నాకు తెలియదు. ముందే తెలిసి ఉంటే నా పెళ్ళిలో బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. అనవసరంగా మా ఆవిడతో పోటీపడి గోరు విరగ్గొట్టుకున్నాను. చివరికి ఎలాగూ ఆవిడే గెలిచింది, అది వేరే సంగతి.

నా పేరు పాండురంగారావు. గోదావరి కాలవ పక్కనున్న సువర్ణలక్ష్మీ కల్యాణ మండపానికి మేనేజర్ని. షామియానా చిరిగినా నన్నే అంటారు, సాంబారు మాడినా నన్నే అంటారు, పెళ్ళికొడుకు బూట్లు పోయినా నన్నే అంటారు. ఇన్ని మాటలు పడ్డవాణ్ణి గనక ఒకరు కొత్తగా ఒక మాటంటే నాకు పెద్దగా పట్టదు. కానీ చిదానందం గారు తెచ్చిన కాగితం చూసినప్పుడు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

చిదానందం గారు అదృష్ట ఆదాయాల పన్నుల విభాగంలో పెద్ద అధికారి. లాటరీలోనో, పేకాటలోనో, పందెంలోనో ఎవరైనా గెలిస్తే అందులో ఇంచుమించు మూడో వంతు సర్కారుకి వసూలు చేయడం ఆ విభాగం పని. ఓడిన డబ్బు సంగతి వాళ్ళకి అక్కర్లేదు. గెలిచింది మనందరిదీ, ఓడింది నీ ఒక్కడిదీ అన్నమాట.

విభాగమైతే పెట్టారు గానీ, గెలిచినవాడు ఒక్కడూ దొరకలేదు. పేకాట క్లబ్బుకి వెళ్తే అక్కడున్నవాళ్ళందరూ లేచి నిలబడి, "మేమంతా ఓడిపోయినవాళ్ళమేనండీ, గెలిచినాయన ఇప్పుడే వెళ్ళాడండీ" అన్నారట. కోడిపందేల బరి దగ్గరికి వెళ్తే, "ఇక్కడ అసలు కోళ్ళే ఉండవండీ" అని చెప్పి, కోడికూరతో భోజనం పెట్టి పంపారట. ఫోన్లో రమ్మీ ఆడేవాళ్ళు ఫోనే ఎత్తలేదు. ఏడాది తిరిగేసరికి వసూలు సున్నా. పైవాళ్ళు చిదానందం గారికి గట్టిగా తలంటారు.

ఆ దిగులుతోనే ఆయన తమ గుమాస్తా పెళ్ళికి మా మండపానికి వచ్చారు. తాళి కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. అలవాటు ప్రకారం నేను ఇరుకు మూతి ఇత్తడి బిందె తెప్పించాను. అందులో పసుపునీళ్ళు పోసి బంగారు ఉంగరం వేశారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకేసారి చేతులు పెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు, "లాగవే పిల్లా, వదలకు!" అని ఒకటే గోల. వెనకాల ఇద్దరు బాబాయిలు వందరూపాయల పందెం కూడా వేసుకున్నారు, ఖర్మ.

చిదానందం గారి నోటి దాకా వెళ్ళిన బూరె అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ మేనేజరు గారూ, ఉంగరం ఎవరికి దక్కునో ముందుగా తెలియునా?" అని అడిగారు.

"తెలిస్తే సరదా ఏముంటుందండీ?" అన్నాను, నా తెలివికి నిప్పెట్ట.

"గెలిచినవారు దానిని తిరిగి ఇచ్చివేయవలెనా?"

"ఎందుకిస్తారండీ బాబూ, గెలిచినవాళ్ళదే."

ఆయన బూరెని ఆకులో పెట్టేసి, జేబులోంచి కలం తీశారు. ఆయన మొహంలో వచ్చినంత వెలుగు ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు మొహంలో కూడా నేను చూడలేదు.

వారం తిరక్కుండా మా గోడకి ఒక ఉత్తర్వు అంటించారు. "నీటిపాత్రాంతర్గత ఉంగరగ్రహణ క్రీడ యందు లభించు లాభము అదృష్ట ఆదాయముగా పరిగణింపబడును. వస్తురూపమున గెలిచినచో పన్ను సైతము వస్తురూపముననే, ఘటనాస్థలమందే మినహాయించబడును. మండప నిర్వాహకుడు బాధ్యుడు." కింద సంతకం. నిర్వాహకుడంటే నేనే. సాంబారుతో పాటు ఇప్పుడు ఇది కూడా నా నెత్తినే.

వస్తురూపం అంటే ఏమిటో మొదటి పెళ్ళిలో గాని మాకు అర్థం కాలేదు. పెళ్ళికూతురు ఉంగరం పైకి తీసి అందరికీ చూపించి మురిసిపోతోంది. చిదానందం గారి వెనకనుంచి శేషాచారి ముందుకొచ్చాడు. బజారులో అందరికీ తెలిసిన కంసాలి, నాజూకైన పనివాడు. అతని చేతిలో రేకులు కత్తిరించే కత్తెర ఉంది. పాపం, తల వంచుకునే ఉన్నాడు. ఉంగరం పుచ్చుకుని, మూడో వంతు టక్కుమని కత్తిరించి, ముక్కని చిన్న డబ్బాలో వేశాడు. మిగిలిందాన్ని పెళ్ళికూతురి అరచేతిలో పెట్టాడు. అది గేదె కొమ్ములా వంపు తిరిగి ఉంది. పిల్ల భోరుమంది.

"మరి మూడుసార్లు తీయాలి కదండీ?" అని మా పురోహితులు చయనులు గారు అమాయకంగా అడిగారు.

"నిరభ్యంతరముగా. ప్రతి గెలుపూ ప్రత్యేక ఆదాయమే."

రెండోసారి తీస్తే ఇంకో ముక్క, మూడోసారి తీస్తే ఇంకో ముక్క పోయింది. ఆఖరికి ఉంగరంలో మిగిలింది మధ్యనున్న కన్నమే.

ఆ పెళ్ళికొడుకు తండ్రి వకీలు. ఊరుకుంటాడా? ఇది జూదం కాదు, నైపుణ్యం ఉన్న ఆట, నీళ్ళలో వేళ్ళతో వెతకడం ఒక విద్య అని పెద్ద అర్జీ పెట్టాడు. దాన్ని తేల్చడానికి పై ఆఫీసు నుంచి కమిటీ దిగింది. పొద్దున్నే మా మండపంలో బల్ల వేసి, బిందె పెట్టి, అధికారులందరూ చొక్కా చేతులు మడిచి ఇద్దరిద్దరు చొప్పున ఆడారు. భోజనాల వేళకి లెక్క తేలింది. ప్రతి ఆటలోనూ ఇద్దరిలో పై ఉద్యోగే గెలిచాడు. చిదానందం గారి దగ్గర ఇన్‌స్పెక్టరుగా చేసే భూషణం అందరి చేతిలోనూ ఓడిపోయాడు. ఒకసారి పొరపాటున ఉంగరం అతని వేలికి దానంతటదే తొడుక్కుంటే, చెమటలు పట్టి, విదిలించి మళ్ళీ బిందెలో పడేశాడు. నేను కళ్ళారా చూశాను.

కమిటీ తీర్పు ఇలా వచ్చింది. ఈ క్రీడలో గెలుపు నైపుణ్యం వల్ల రాదు, హోదా వల్ల వస్తుంది. హోదా అనేది అదృష్టం వల్లనే వస్తుంది. కాబట్టి ఇది అదృష్ట క్రీడే. ఆఖరి వాక్యం రాసేటప్పుడు అందరూ ఏకగ్రీవంగా తలలూపారు.

దాంతో జనం దారులు వెతకడం మొదలుపెట్టారు. ఒకరు ఉంగరం తీయడమే మానేశారు. దానికి సవరణ వచ్చింది: "క్రీడ జరుపకుండుట పన్ను ఎగవేతగా భావింపబడును." ఇంకొకరు బిందె బోర్లించేశారు. పాత్రను వంచరాదని సవరణ వచ్చింది. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురు గెలిచి కూడా, "నాకొద్దు బాబోయ్, నేను గెలవలేదు" అంది. గెలుపును నిరాకరించుట శిక్షార్హమని సవరణ. మరో పెళ్ళిలో వధూవరుల్ని పక్కన కూర్చోబెట్టి, పన్ను పరిధిలోకి రారని చయనులు గారి చేత తీయించారు. చిదానందం గారు ఆ రాత్రంతా ఆలోచించి తన కళాఖండం తయారుచేశారు: "వధూవరులే గాక, పాత్రలో హస్తము ప్రవేశపెట్టి ఉంగరమును నీటిపైకి తెచ్చిన వ్యక్తి ఎవరైనను, ఏ హోదాలోనైనను, విజేతయే." ఈ వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, నా చేత పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు. డబ్బు మండపం వాళ్ళదే.

అన్నిటికంటే ఘోరమైన సవరణ కుమ్మక్కు గురించి. నీటి అడుగున ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఉంగరం మారితే అది ముందస్తు కుమ్మక్కు. అప్పుడు ముక్క కాదు, మొత్తం ఉంగరమే జప్తు. అడుగున ఏం జరిగిందో ఎలా తెలుస్తుందండీ అని అడిగాను. "ముఖకవళికలను బట్టి" అన్నారు. అప్పటినుంచి బిందెలో చేతులు పెట్టిన పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నవ్వుకోకూడదు. భూషణం ఎదురుగా కూర్చుని ఇద్దరి మొహాలూ చూసి రాసుకునేవాడు. మా మండపంలో పెళ్ళిళ్ళు సంతాప సభల్లా తయారయ్యాయి. తల్లులు కూతుళ్ళ చెవిలో, "ఓడిపోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని చెప్పి పంపేవారు. ఈ నిబంధనల్ని పాత పెళ్ళిళ్ళకి కూడా వర్తింపజేసే ఆలోచన ఉందని ఒక పుకారు కూడా లేచింది.

సరిగ్గా అలాంటి రోజుల్లో మాణిక్యం మామ్మ గారు వచ్చారు.

మామ్మ గారు మా ఊళ్ళో పాతకాలం మనిషి. మాట గరుకు, చెయ్యి మెత్తన. ఆవిడ మనవరాలు హిమజ పెళ్ళి మా మండపంలోనే. హిమజ హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళికొడుకు శశాంక్ కాలవల ఆఫీసులో ఇంజనీరు. ఇద్దరూ ఇష్టపడి చేసుకుంటున్నారు. మామ్మ గారు గోడమీది బోర్డు మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"ఏవయ్యా పాండురంగా, ఇది రాసినోడికి పెళ్ళయిందా?"

"అయిందండి మామ్మ గారూ. ఇద్దరు పిల్లలండి."

"మరేం రోగం?"

ఆవిడ వేలికున్న ఉంగరం తీసి నా బల్లమీద పెట్టారు. సన్నటి పాత ఉంగరం. పైన ఒక మామిడిపిందె చెక్కి ఉంది. అరిగి అరిగి పిందె మీద గీతలు కూడా సరిగ్గా కనబడటం లేదు.

"ఇది మా పెళ్ళిలో బిందెలో వేసింది. పైకి నేనే తీశాననుకున్నారు అందరూ. మా ఆయన నీళ్ళలో నా అరచెయ్యి తెరిచి, అందులో పెట్టి, నా వేళ్ళు మూసేశారు. అప్పటికి ఆయన మొహం కూడా నేను సరిగ్గా చూళ్ళేదు. ఆ చెయ్యి తగిలాకే భయం పోయింది నాకు. ఆయనెలాగూ పోయారు. నా చేతిమీదుగా ఇది హిమజకి బిందెలోంచే అందాలి. పెట్టెలోంచి తీసిస్తే నగ. బిందెలోంచొస్తే మా ఆయన ఇచ్చినట్టు."

"మామ్మ గారూ, కత్తెర తీసుకొస్తారండి. అందులో సగం కూడా మిగలదండి. ఇత్తడి ఉంగరం ఏదైనా వేద్దామండి."

"ఇత్తడిది వేసి ఇత్తడి కాపురం చెయ్యమంటావా నా మనవరాలిని? ఇదే వేస్తాను. ముక్క కొయ్యనివ్వను. ఎలాగంటావా, అది నాకూ తెలీదు. నువ్వు మాత్రం బిందె బాగా తోమించు."

అలా అనేసి ఉంగరం మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. నవ్వే వ్యవహారం కాదు. ఆ సన్నటి ఉంగరం మీద కత్తెర పడితే ఆ ముసలావిడ ఏమైపోతుందా అనే నా బెంగంతా.

పెళ్ళిరోజు రానే వచ్చింది. పొద్దుటి ముహూర్తం. తాళి కట్టాక చిదానందం గారు బిందెకి ఒకవైపు, భూషణం ఇంకోవైపు కుర్చీలు వేయించుకున్నారు. శేషాచారి దూరంగా స్తంభం వెనక నిలబడ్డాడు. మామ్మ గారు ఉంగరం తీసి కళ్ళకద్దుకుని బిందెలో వేశారు. చిన్న చప్పుడైంది. హిమజా శశాంకూ చేతులు పెట్టారు.

అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఎంతసేపటికీ ఎవరూ చెయ్యి తీయరు.

"దొరకలేదండీ" అంది హిమజ, ఖాళీ చెయ్యి తీసి.

"నాకూ దొరకలేదండీ" అన్నాడు శశాంక్, తనదీ ఖాళీ చెయ్యే.

చిదానందం గారి కనుబొమలు పైకి లేచాయి. "ఇంతటి స్వల్ప పరిమాణము గల పాత్రలో ఉంగరము దొరకకుండుట నమ్మశక్యముగా లేదు. ఫలితము తేలువరకు హస్తములు పాత్రయందే ఉండవలెను."

"సరేనండీ" అని ఇద్దరూ మళ్ళీ పెట్టారు. మర్యాదలో లోటు లేదు, ఉంగరం మాత్రం పైకి రాదు. నాకప్పుడు అర్థమైంది, పిల్లలిద్దరూ మాట్లాడుకునే వచ్చారని. ఎవరూ గెలవకపోతే కత్తెరకి పనిలేదు. గెలవకుండా ఎంతసేపైనా వెతకొచ్చు. వెతకడం మీద పన్ను లేదు కదా!

భూషణం మాత్రం వంగి వంగి ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. హిమజ నేలచూపులు చూస్తోంది. శశాంక్ పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాడు. నవ్వు వస్తే చాలు, ఉంగరం మొత్తం పోతుంది.

మొదటి పంక్తి భోజనాలు లేచాయి. రెండో పంక్తి కూర్చుంది. పిల్లలిద్దరూ బిందె దగ్గరే ఉన్నారు. హిమజ తల్లి పళ్ళెంలో అన్నం కలుపుకొచ్చి ఇద్దరికీ తనే ముద్దలు పెట్టింది. పనసపొట్టు కూర వాసన మండపమంతా కమ్మేసింది. చిదానందం గారు డ్యూటీలో ఉండగా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు, ఆ విషయంలో ఆయన్ని ఏమీ అనడానికి లేదు. కానీ ఆయన కడుపు మాత్రం నాకు వినపడేట్టు మాట్లాడుతోంది.

అప్పుడు మామ్మ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా మాట కదిపారు.

"ఏవయ్యా నాయనా, అసలు బిందెలో ఉంగరం ఉందంటావా?"

"మీరే కదా వేసినది?"

"వేసినట్టే ఉంది. ఈ కాలం పిల్లలు, ఏం చెప్పగలం. పట్టుచీర మడతలు చూడు ఎన్నున్నాయో."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అనగా, విజేత ఉంగరమును రహస్యముగా తరలించి ఉండవచ్చునా?"

"నేనేం ఎరుగుదును? ఉందో లేదో చూసుకునేవాళ్ళు ఉండాలి గానీ."

చిదానందం గారు ఠక్కున లేచారు. ప్రభుత్వాన్ని మోసం చేస్తున్నారన్న అనుమానం వస్తే ఆయనకి ఆకలి కూడా గుర్తుండదు. పిల్లలిద్దర్నీ చేతులు కదపొద్దని ఆజ్ఞాపించి, ఆ ఇరుకు మూతిలోకి తన చెయ్యి కూడా దోపారు. చొక్కా మోచేతి దాకా తడిసింది. బిందె అడుగంతా దేవారు. ఒక్క కేక పెట్టి చెయ్యి పైకెత్తారు.

"ఇదిగో! ఉన్నది! ప్రభుత్వమును ఎవ్వరూ మోసగించజాలరు!"

పసుపునీళ్ళు కారుతున్న ఆయన వేళ్ళ మధ్య మామిడిపిందె ఉంగరం మెరుస్తోంది. ఉంగరం పైకి రాగానే వాయించాలని మేళగాళ్ళకి నేను ముందే చెప్పి ఉంచాను. వాళ్ళు చెప్పిన పని చేసే మనుషులు. డోలూ సన్నాయీ ఒక్కసారి అందుకున్నాయి. ముత్తైదువులు అలవాటుకొద్దీ అక్షింతలు వేసేశారు. చయనులు గారు కూడా ఇన్నేళ్ళుగా చెప్పే మాటనే చెప్పేశారు.

"ఉంగరం ఎవరు తీస్తే ఆ ఇంట్లో వారిదే పెత్తనం! ఇకమీదట ఈ దంపతుల ఇంట్లో మొగుడి మాటా చెల్లదు, పెళ్ళాం మాటా చెల్లదు. పన్నుల వారి మాటే చెల్లుతుంది!"

"అదెవరింట్లో లేదండీ?" అన్నారెవరో వెనకనుంచి.

నేను చిన్నగా దగ్గి, గోడమీది బోర్డు వైపు తిరిగి, పైకి చదవడం మొదలుపెట్టాను. ఇంత హాయిగా నేను ఎప్పుడూ ఏదీ చదవలేదు. "పాత్రలో హస్తము ప్రవేశపెట్టి ఉంగరమును నీటిపైకి తెచ్చిన వ్యక్తి ఎవరైనను, ఏ హోదాలోనైనను, విజేతయే."

చిదానందం గారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"నేను తనిఖీ నిమిత్తము మాత్రమే..."

"ఏ హోదాలోనైనా అని రాశారండి."

"అయినచో ఈ గెలుపు నాకు అక్కరలేదు!"

"గెలుపును నిరాకరించడం శిక్షార్హమండి. మూడో సవరణండి."

"నేను శాఖ తరఫున పెట్టితిని. శాఖయే విజేత."

"శాఖ చొక్కా తడవలేదు కదండీ. తమదే తడిసింది."

భూషణం అప్పటికే కాగితం తీశాడు. కమిటీ ముందు అందరి చేతిలో ఓడిపోయినవాడు, అతని మొహంలో ఆ వేళ ఎంత ప్రశాంతత! "విజేత పూర్తి పేరు సార్? తండ్రి పేరు సార్? వధూవరులతో బంధుత్వం ఏమని రాయమంటారు సార్?"

జనం పకపకా నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. ఇంతలో స్తంభం వెనకనుంచి శేషాచారి కత్తెరతో వచ్చాడు. గెలుపు తేలింది, కోత కోయాలి, అతని పని అది. చిదానందం గారి వేళ్ళ మధ్యనుంచి ఉంగరం అందుకుని, కత్తెర నోరు తెరిచి, మామిడిపిందె పక్కన పెట్టాడు.

మా నవ్వులు ఆగిపోయాయి. మామ్మ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చేత బిందెలో చెయ్యి పెట్టించడం దాకా ఆలోచించారు గానీ, గెలిచింది ఎవరైనా కోసేది ఆ ఉంగరాన్నే అన్న సంగతి ఆవిడకి తట్టలేదు. నాకూ తట్టలేదు. హిమజ బిందెలోంచి చెయ్యి లాగేసుకుని, పరుగున వెళ్ళి మామ్మని పట్టుకుంది.

"కొయ్యకు నాయనా" అన్నారు మామ్మ గారు. అంత గరుకు మనిషి గొంతు వణికింది. "నేనే చెడ్డదాన్ని. కావాలంటే నా గాజులు కోసుకో."

శేషాచారి కత్తెర అలాగే పట్టుకుని ఆగాడు. అతను చిదానందం గారి వైపు చూశాడు. కోయమంటారా అని.

చిదానందం గారు ఆ కత్తెర వంక, భూషణం చేతిలోని కాగితం వంక, మార్చి మార్చి చూశారు. ఆయన మనసులో ఏముందో నేను చెప్పగలను. ఆ ముక్క డబ్బాలో పడితే దానిమీద ఆయన పేరు ఉంటుంది. డ్యూటీలో ఉండగా జూదమాడి, ఒక పెళ్ళివారి బంగారం గెలుచుకున్న అధికారి అని పై ఆఫీసులో చదువుతారు. పై ఆఫీసు వాళ్ళు నవ్వరు, వాళ్ళ మొహాల్ని ఏ భూషణమూ చూసి రాసుకోడు, కానీ ఉద్యోగం మాత్రం ఊడుతుంది.

"ఆగుము!" అని అరిచారు. తర్వాత మామూలు మనిషిలా, "ఆగవయ్యా బాబూ" అన్నారు. ఆయన నోట వాడుకమాట వినడం నాకదే మొదలు.

భూషణం గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇది క్రీడ అయితేనే కదా సార్ గెలుపు?"

చిదానందం గారు కుర్చీలో కూర్చుని, తడి చేత్తోనే కాగితం మీద రాసి, పైకి చదివారు. "సమగ్ర క్షేత్రస్థాయి పరిశీలన మీదట, ఉంగరగ్రహణము క్రీడ కాదనియు, కేవలము వివాహ తంతులో భాగమనియు నిర్ధారించడమైనది. పూర్వపు ఉత్తర్వులన్నియు ఈ క్షణము నుండియే రద్దు."

జనం చప్పట్లు కొట్టబోయారు. మామ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఉంగరం క్షేమమని తెలియగానే ఆవిడ గొంతులోకి గరుకు తిరిగొచ్చేసింది.

"తంతా? అయితే మరీ చిక్కొచ్చి పడిందే. పెళ్ళికూతురి చెయ్యి బిందెలో ఉండగా నువ్వూ చెయ్యి పెట్టావు. ముత్తైదువులు నీ నెత్తిన అక్షింతలు కూడా వేశారు. మేళం మోగింది. ఏవండీ చయనులు గారూ, శాస్త్రం ఏమంటుంది?"

చయనులు గారు గంభీరంగా కళ్ళు మూసుకున్నారు. "పెళ్ళికొడుకు చెయ్యి కూడా అందులోనే ఉంది కదమ్మా. అదింకా ఆలోచించాలి."

చిదానందం గారు కాగితం లాక్కుని గబగబా కింద ఇంకో వాక్యం చేర్చారు: "సదరు తంతులో పాల్గొనిన ప్రభుత్వోద్యోగికి ఎట్టి హక్కులు గాని, బాధ్యతలు గాని, దాంపత్యము గాని సంక్రమించవు." దాని కింద ఒకటికి రెండు సంతకాలు పెట్టారు.

శేషాచారి కత్తెర సంచిలో పడేసి, ఉంగరాన్ని తన కండువాతో తుడిచి, మామ్మ గారి చేతిలో పెట్టాడు. ఆవిడ మళ్ళీ బిందెలో వేశారు. ఈసారి ఎవరూ ఊపిరి బిగబట్టలేదు. ఆడవాళ్ళు గోల మొదలుపెట్టారు. హిమజా శశాంకూ చేతులు పెట్టారు. కాసేపటికి శశాంక్ మళ్ళీ ఫ్యాను వంక చూశాడు. హిమజ చటుక్కున అతని మొహం వంక చూసి, ఆపుకోలేక నవ్వేసింది. చెయ్యి పైకి తీస్తే ఉంగరం ఆమె గుప్పిట్లో ఉంది.

మామ్మ గారు మనవరాలి వేలికి ఆ ఉంగరం తొడిగి, శశాంక్ చెవి పట్టుకుని మెలిపెట్టారు. "దొంగవెధవా, అచ్చం మా ఆయనే" అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఏడ్చేస్తున్నారని అందరికీ తెలుస్తూనే ఉంది. నాకూ కళ్ళు చెమర్చాయి. మేనేజర్ననే సంగతి మర్చిపోయి పెళ్ళివారిలా నిలబడిపోయాను.

చిదానందం గారు గప్‌చుప్‌గా చెప్పులు వెతుక్కుంటున్నారు. మామ్మ గారు వదులుతారా? చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మూడో పంక్తిలో కూర్చోబెట్టారు. ఉత్తర్వు రద్దయింది గనక ఇప్పుడు డ్యూటీ లేదు, తినమన్నారు. ఆయన పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకున్నారు. మామ్మ గారే ఆకులో బూరె వేసి, నెయ్యి పోస్తూ అడిగారు.

"నీ పెళ్ళిలో ఉంగరం ఎవరు తీశారు నాయనా?"

"మా ఆవిడండి."

"లాక్కుందా? నువ్వే ఇచ్చావా?"

చిదానందం గారు బూరె తుంచుతూ ఆగిపోయారు. చెవుల దాకా ఎర్రబడ్డారు. పక్కాకులో భూషణం కూర్చున్నాడు, అతని చొక్కా జేబులో కలం ఉంది. చిదానందం గారు మెడ వంచి అటు చూశారు. ఇటు మామ్మ గారి వంక చూశారు.

"నేనే ఇచ్చానండి" అన్నారు మెల్లగా. వెంటనే పక్కకి తిరిగి, "భూషణం, ఇది రాయకయ్యా" అన్నారు.